ఉచిత శక్తి సర్క్యూట్లు

తీసుకునే శక్తి కంటే ఎక్కువ శక్తిని ఇస్తాయనో, ఇంధనమేదీ లేకుండా నిరంతరం పనిచేస్తాయనో చెబుతూ ఔత్సాహికులు ఇళ్లలో తయారుచేసుకునే విద్యుత్ పరికరాలను ఉచిత శక్తి సర్క్యూట్లు అంటారు. ప్రయోగాలు చేసేవారి వాడుకలో వీటికి ‘ఓవర్‌యూనిటీ’ అన్న పేరూ ఉంది. సౌరఫలకాలు, గాలిమరలు ఈ కోవలోకి రావు. వాటికి శక్తి ఎక్కడి నుంచి వస్తోందో అందరికీ తెలుసు. ఉచిత శక్తి సర్క్యూట్ల వాదన శక్తి నిత్యత్వ సూత్రానికి విరుద్ధం కాబట్టి భౌతికశాస్త్రం వాటిని శాశ్వత చలన యంత్రాలతో పాటే లెక్కగడుతుంది. అలాంటి యంత్రాల ప్రతిపాదనలను ఇక పరిశీలించబోమని ప్యారిస్ సైన్స్ అకాడమీ 1775లోనే ప్రకటించింది. అయినా ప్రయోగాలు ఆగలేదు. అందుకు ఆశ ఒక్కటే కారణం కాదు. ఈ సర్క్యూట్లలో చాలావరకు నిజంగానే పనిచేస్తాయి: బల్బు వెలుగుతుంది, చక్రం తిరుగుతుంది. పేచీ అంతా ఆ శక్తి ఎక్కడిది, ఎంత అన్న లెక్క దగ్గరే.

జౌల్ థీఫ్

కొత్తవారు తరచుగా మొదట చేసి చూసే సర్క్యూట్ ఇది. 1999 నవంబరులో ‘ఎవ్రీడే ప్రాక్టికల్ ఎలక్ట్రానిక్స్’ అనే బ్రిటిష్ పత్రికలో జెడ్. కపార్నిక్ పేరుతో అచ్చయింది. ఇప్పుడు చలామణిలో ఉన్న పేరు తర్వాత క్లైవ్ మిచెల్ పెట్టినది. సూత్రం మాత్రం వాల్వుల కాలం నాటి బ్లాకింగ్ ఆసిలేటర్‌దే. బీసీ 547 లాంటి ట్రాన్సిస్టర్ ఒకటి, వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్, ఎల్ఈడీ, రెండు తీగలు చుట్టిన ఫెర్రైట్ రింగు ఉంటే చాలు. పాడైన సీఎఫ్ఎల్ బల్బు విప్పితే రింగు దొరుకుతుంది. మిగతావి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట్ల కొద్దిపాటి ఖర్చుతో వచ్చేస్తాయి.

రెసిస్టర్ గుండా బేస్‌కు కొద్దిగా కరెంటు అందగానే ట్రాన్సిస్టర్ ఆన్ అవుతుంది. ఒక చుట్టలో కరెంటు పెరిగేకొద్దీ రెండో చుట్టలో పుట్టే వోల్టేజీ ట్రాన్సిస్టర్‌ను మరింత ఆన్ చేస్తుంది. ఒక దశ దాటాక ఆ తోడ్పాటు ఆగి, ట్రాన్సిస్టర్ చటుక్కున ఆఫ్ అవుతుంది. చుట్టలో నిలవ ఉన్న అయస్కాంత శక్తి అప్పుడు ఎక్కువ వోల్టేజీతో ఎల్ఈడీలోకి వెళుతుంది. సెకనుకు వేలసార్లు ఇలా జరగడంతో కంటికి వెలుగు నిలకడగా కనిపిస్తుంది. తెల్ల ఎల్ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి. కొత్త సెల్ ఇచ్చేది ఒకటిన్నరే. అందుకే రిమోట్‌లోంచి తీసి పారేయబోయిన సెల్‌తో ఎల్ఈడీ వెలగడం అద్భుతంలా తోస్తుంది. నిజానికి ఆ సెల్‌లో వోల్టేజీ తగ్గిందే తప్ప శక్తి పూర్తిగా అయిపోలేదు. ఇది పాత బాకీ వసూలే కాని కొత్త రాబడి కాదు.

బెదిని మోటారు

అమెరికాకు చెందిన జాన్ బెదిని రూపొందించిన ఈ మోటారులో అయస్కాంతాలు బిగించిన చక్రం (తరచుగా సైకిల్ చక్రమే) తీగచుట్ట ముందు తిరుగుతుంది. చుట్టలో కరెంటు ఆగినప్పుడు పుట్టే ఎదురు వోల్టేజీ పోటును డయోడ్ గుండా రెండో బ్యాటరీకి పంపుతారు. మొదటి బ్యాటరీలో తగ్గిన దానికంటే రెండోదానిలో ఎక్కువ చేరుతుందన్నది వాదన. 2002లో దీనికి సంబంధించి ఆయనకు అమెరికన్ పేటెంట్ వచ్చింది. దాన్ని రుజువుగా చూపేవారున్నారు. కాని పేటెంట్ నిర్మాణంలోని కొత్తదనానికి ఇచ్చే హక్కే తప్ప దక్షతకు ఇచ్చే ధ్రువపత్రం కాదు.

లెక్క ఎక్కడ తప్పుతుంది

ఛార్జింగ్ ఆపిన వెంటనే సీసం-ఆమ్లం బ్యాటరీ వోల్టేజీ దాని అసలు స్థితి కంటే ఎక్కువ చూపుతుంది. దీన్ని ఉపరితల ఛార్జి అంటారు. కొన్ని గంటలు వదిలేస్తే పడిపోతుంది. తెలిసిన లోడు పెట్టి, ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు వచ్చాయో చూస్తేనే బ్యాటరీలో ఎంతుందో తేలుతుంది. వోల్ట్‌మీటరు ముల్లును నమ్మి సంబరపడినవారే ఈ రంగంలో ఎక్కువ.

మల్టీమీటరుది ఇంకో చిక్కు. మామూలు మీటర్లు డీసీకి, 50 హెర్ట్‌జ్ సైన్ తరంగానికి సరిపోయేలా తయారవుతాయి. క్షణంలో లేచి పడే పోట్లను అవి సరిగా చదవలేవు. సరిగా చదివినా, సగటు వోల్టేజీని సగటు కరెంటుతో గుణిస్తే సగటు పవర్ రాదు. ఆసిలోస్కోప్‌తో ప్రతి క్షణపు విలువలనూ గుణించి, ఆ తర్వాత సగటు తీయాలి.

ఈ గొడవంతా లేకుండా తేల్చే పరీక్ష ఒకటుంది. బ్యాటరీల స్థానంలో కెపాసిటర్లు పెట్టాలి. వాటిలోని శక్తి కెపాసిటెన్స్‌లో సగాన్ని వోల్టేజీ వర్గంతో గుణిస్తే వచ్చేస్తుంది. దాచేందుకు రసాయన చర్య ఏదీ ఉండదు. లేదా అవుట్‌పుట్‌ను ఇన్‌పుట్‌కు కలిపి బ్యాటరీ తీసేయాలి. నిజంగా మిగులుంటే పరికరం నడుస్తూనే ఉండాలి.

అమెరికాలో జోసెఫ్ న్యూమన్ అనే వ్యక్తి చేసిన ఇలాంటి యంత్రాన్ని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ 1986లో పరీక్షించి, ఇచ్చినదానికంటే వచ్చినది తక్కువేనని తేల్చింది. ఐర్లండ్ కంపెనీ స్టీయార్న్ తన ఉచిత శక్తి పరికరంతో 2007లో లండన్‌లో తలపెట్టిన ప్రదర్శన రద్దయింది. ఆ కంపెనీ పిలిచిన నిపుణుల బృందమే 2009లో శక్తి పుట్టినట్టు ఆధారం లేదని చెప్పింది. అయస్కాంతం తాకించగానే బల్బు వెలిగే వీడియోలు వేరే బాపతు. వాటిలో తరచుగా కనిపించేది లోపలే బ్యాటరీ ఉన్న రీఛార్జబుల్ బల్బు.

బ్యాటరీ లేకుండా పలికే క్రిస్టల్ రేడియో ఉచిత శక్తి సర్క్యూట్ల జాబితాలో చేరదు. దానికి కావలసిన కొద్ది శక్తీ రేడియో కేంద్రం ప్రసారం నుంచే అందుతుంది.

ఈ ప్రయోగాల్లో ప్రమాదాలూ ఉన్నాయి. లోడు లేని చుట్టలో పోట్లు వందల వోల్టులు దాటగలవు. బెదిని సర్క్యూట్‌లో ట్రాన్సిస్టర్‌కు అడ్డంగా నియాన్ బల్బు పెట్టేది అందుకే. అతిగా ఛార్జి చేసిన సీసం బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది, గాలి ఆడని గదిలో అది పేలగలదు.

ఇక పేటెంట్ల విషయానికొస్తే, భారత పేటెంట్ల చట్టం, 1970లోని 3(ఎ) సెక్షన్ ప్రకారం, స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైన దాన్ని మన దేశంలో ఆవిష్కరణగా పరిగణించరు.