పచ్చి బఠాణీ పుట్టిల్లు

బఠాణీ అంటే మనకు ఒకప్పుడు రాత్రంతా నానబెట్టుకునే ఎండు గింజే. చరిత్రలోనూ అంతేనండి. పశ్చిమాసియాలో సుమారు పదివేల ఏళ్ల క్రితం సాగు మొదలైనా, చాలాకాలం జనం ఎక్కువగా ఎండబెట్టి దాచుకునే తిన్నారు. పచ్చి గింజల మోజు ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ కొలువులో ముదిరింది. రాజుగారితో విందు చేసి ఇంటికెళ్లాక కూడా, పడుకునే ముందు బఠాణీలు తినే దొరసానుల గురించి ఆయన భార్య మదాం ద మాంతెనాన్ 1696లో ఒక ఉత్తరంలో రాసింది.

ఆ భోగం మన కుండీలోనూ దొరుకుతుంది. కాకపోతే ఈ మొక్క పుట్టింటి అలవాటు మానలేదు. అక్కడ అది చలికాలపు వానలకు పెరిగేది. ఎండ 30 డిగ్రీలు దాటితే పూత రాల్చేస్తుంది. వేసవిలో విత్తి, కాయ రాకపోతే "నా చెయ్యి మంచిది కాదు" అనుకోకండి. దీపావళి వెళ్లగానే విత్తి చూడండి, సంక్రాంతికి కాయలు ఒలుచుకోవచ్చు.