తాళంచెవుల గుత్తి

మా 1979 పదో తరగతి బ్యాచ్ మిత్రులకు గుర్తుండే ఉంటుంది. తొమ్మిదిలో ఉండగా లెక్కల పీరియడ్‌లో మన స్నేహితుడొకడు మూర్ఛ వచ్చి బెంచీ మీంచి పడిపోయాడు. ఎవరో పరుగున వెళ్ళి తాళంచెవుల గుత్తి తెచ్చి వాడి గుప్పిట్లో పెట్టారు. కాసేపటికి వాడు తేరుకున్నాడు. అదే వైద్యమని అందరం నమ్మాం. దసరా సెలవుల తర్వాత వాడు మళ్ళీ బడికి రాలేదు.

తర్వాత నేను వైద్య పరికరాల సంస్థలో చేరాను. అనుమతుల కోసం పంపే నివేదికలు రాయడం నా పని. మూర్ఛ తగ్గించేందుకు ఒంట్లో అమర్చే పరికరం మార్కెట్లోకి వచ్చిన చరిత్ర అక్కడే చదివాను.

మెడలోని వేగస్ నాడికి కొద్దిపాటి విద్యుత్తు ఇస్తే మూర్ఛలు ఆగుతాయని ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జేకబ్ జబారా కుక్కలపై చేసిన ప్రయోగాల్లో చూపారు. ఆ ఆలోచనతో 1987లో సైబరానిక్స్ సంస్థ పుట్టింది. 1988లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో మొదటి రోగికి పరికరం అమర్చారు. ఛాతీకి ఎడమవైపు చర్మం కింద బ్యాటరీ ఉన్న చిన్న డబ్బీ, దాన్నుంచి మెడలోని నాడికి సన్నని తీగ. మామూలుగా 30 సెకన్లు పనిచేసి 5 నిమిషాలు ఆగుతుంది.

అమెరికాలో అమ్మకానికి అనుమతి రావడానికి మరో తొమ్మిదేళ్ళు పట్టింది. అసలు చిక్కు రుజువు దగ్గరే. మందుల పరీక్షలో కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఇక్కడ విద్యుత్తు వచ్చినప్పుడల్లా గొంతు బొంగురుపోతుంది కాబట్టి రోగికి తెలిసిపోతుంది. అందుకని అందరికీ పరికరం అమర్చి, కొందరికి ఎక్కువ మోతాదు, మిగతావారికి నామమాత్రపు మోతాదు పెట్టారు. ఎవరిది ఏదో చెప్పకుండా మూడు నెలలు మూర్ఛలు లెక్కపెట్టారు. పెద్ద పరీక్షలో మొదటివారికి సగటున 28 శాతం, రెండోవారికి 15 శాతం తగ్గాయి. ఐరోపాలో 1994లో, అమెరికాలో 1997 జులైలో అనుమతి వచ్చింది. అదీ మందులకు లొంగని మూర్ఛలకే, మందులతో పాటు వాడేందుకే.

28 శాతమేనా అని మొదట నీరసపడ్డాను. ఆ 15 మీద కన్ను పడ్డాక మన తరగతి గది గుర్తొచ్చింది. మూర్ఛ సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. పేరు మాత్రం తాళంచెవులకు దక్కింది. అవి లేకపోతే ఏమయ్యేదో మనం ఎన్నడూ చూడలేదు. వాళ్ళు చూశారు. తేడా చిన్నదైనా దాచకుండా చెప్పారు.

మన స్నేహితుడికి ఈ పరికరం అవసరమే పడేది కాదేమో. సరైన మందులు వాడితే పది మందిలో ఏడుగురికి మూర్ఛలు అదుపులో ఉంటాయి. ఫినోబార్బిటాల్ మాత్ర 1912 నుంచే ఉంది. వాడికి అందలేదో, మనం అడగలేదో!

ఇప్పుడు బడిలో ఉన్న ఉపాధ్యాయులకు ఒక్క మనవి. పిల్లవాడు అలా పడిపోతే పక్కకు ఒత్తిగిలించండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మర్నాడు మాత్రం వాణ్ణి బడికి పిలవండి.