బస్తీ బాల్యం, తల్లి పనిగంటలు: హైదరాబాద్ అనుభవం

హైదరాబాద్ నగరపాలక సంస్థ 1967లో పట్టణ సమాజాభివృద్ధి పథకాన్ని చేపట్టింది. 1958లో ఢిల్లీలోనూ, ఆ తర్వాత అహ్మదాబాద్‌లోనూ జరిగిన ప్రయోగాలు దానికి దారి చూపాయి. చేతిలో ఉన్న డబ్బు తక్కువ. అందుకే సామాజిక కార్యకర్తలు బస్తీకి వెళ్లి, ముందుగా అక్కడివాళ్లకు ఏం కావాలో అడిగారు. బస్తీ కమిటీలు, మహిళా మండళ్లు, యువజన సంఘాలు ఏర్పడ్డాయి. ఖర్చులో కొంత చందాగానో శ్రమగానో బస్తీయే భరించేది. బాల్వాడీలు, కుట్టు శిక్షణ, పౌష్టికాహారం ఈ క్రమంలోనే వచ్చాయి. 1970ల్లో యూనిసెఫ్ తోడ్పడింది. విలియం కజిన్స్, కేథరిన్ గోయ్‌డర్ 1979లో ఈ అనుభవాన్ని పుస్తకంగా తెచ్చారు.

ఈ చరిత్రలో నాకు ముఖ్యంగా కనిపించేది అడిగే పద్ధతి. 1980ల్లో బ్రిటిష్ సహాయంతో మురికివాడల అభివృద్ధి పెద్ద ఎత్తున సాగింది. రోడ్లు, మురుగు కాలువలు, వీధి దీపాలు వచ్చాయి. అవి అత్యవసరమే. మురుగు పారే సందులో పాకే పిల్లకు ఏ పోషకాహారమూ ఒంటబట్టదు. అయితే కాలువకు కొలత ఉంది. మహిళా మండలి కూర్చుని మాట్లాడుకున్న సాయంత్రానికి కొలత లేదు. పథకాల లెక్కల్లో కొలిచేదే మిగులుతుంది.

అంగన్‌వాడీల ద్వారా అందే సమగ్ర శిశు అభివృద్ధి సేవలు 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలయ్యాయి. వాటిలో నగర మురికివాడలకు దక్కినవి నాలుగే. నగరాల బయటి ప్రాంతాల వైపు ఆ తొలి మొగ్గు అర్థం చేసుకోదగ్గదే. కానీ 2011 జనగణన నాటికి దేశంలో మురికివాడల్లో నివసించేవారు 6.5 కోట్లు దాటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే సుమారు కోటిమంది. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న చోట అడిగితే అంగన్‌వాడీ ఇవ్వాలని 2006 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అడగాలంటే సంఘం ఉండాలి. సంఘం లేని బస్తీకి ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది.

అంగన్‌వాడీ వచ్చినా గంటలు కుదరవు. ఇళ్లలో పనిచేసే తల్లి ఉదయం ఆరు, ఏడు గంటలకే బయల్దేరుతుంది. అంగన్‌వాడీ తొమ్మిది గంటల ప్రాంతంలో తెరుచుకుంటుంది. మూడేళ్లు నిండని బిడ్డకు తెలంగాణలో బాలామృతం అనే పోషకాహార పొడి ఇంటికి ఇస్తారు. మంచి ఏర్పాటే, కాని దాన్ని కలిపి తినిపించే మనిషి ఇంట్లో ఉండాలి. ఆ మనిషి చాలాసార్లు పదేళ్ల అక్క. తమ్ముణ్ని చూసుకుంటూ ఆమె బడికి దూరమవుతుంది. బిడ్డ పోషణ, అక్క చదువు, తల్లి కూలి మూడూ ఒకే గంటల చుట్టూ ముడిపడి ఉన్నాయి. వాటిని చూసే శాఖలు మాత్రం మూడు.

చట్టం ఈ తల్లిని చూడలేదు. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం నడపాలని 2017 ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణ చెప్పింది. నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషికి సంస్థ ఏది? 1969లో మీరా మహాదేవన్ ఢిల్లీలో మొదలుపెట్టిన మొబైల్ క్రెషెస్ అనే స్వచ్ఛంద సంస్థ ఈ చిక్కును వేరే వైపు నుంచి విప్పింది. భవన నిర్మాణ స్థలంలోనే, తల్లి పనిచేసే చోటే, పసిపిల్లల కేంద్రం పెట్టింది. పని ఎక్కడో, ఎన్నింటికో చూసి సేవను అక్కడ నిలిపింది.

కేంద్ర ప్రభుత్వం 2022లో పాల్నా పేరిట అంగన్‌వాడీలోనే క్రెష్ (శిశు సంరక్షణ కేంద్రం) నడిపే పద్ధతిని ముందుకు తెచ్చింది. దిశ సరైనదే. తెలుగు నగరాల పాలకులకు నా విన్నపం: బస్తీలో క్రెష్ తెరిచే ముందు అక్కడి పనిమనుషులను, కూలీలను కూర్చోబెట్టి, తలుపు ఎన్నింటికి తీయాలో, ఎన్నింటికి వేయాలో వాళ్లనే అడగండి. ఆ గంటల ప్రకారమే ఇద్దరు కార్యకర్తలను పెట్టి, అదనపు గంటలకు జీతం ఇవ్వండి.