శవం బరువు ఎంతుండాలి?

మద్రాసు, వడపళని. 1960ల్లో ఒక పగలు. పిల్లల పత్రిక చందమామ ఆఫీసులో బొమ్మలు వేసే బల్ల ముందు కూర్చున్నారు మీరు. మీ పేరు కె.సి. శివశంకరన్. పాఠకులకు శంకర్. 1952లో చేరారిక్కడ. ముందు తెల్ల కాగితం, నల్ల ఇంకు సీసా. పక్కన బేతాళ కథ, సంపాదకుడు కొడవటిగంటి కుటుంబరావు చెయ్యి పడ్డది.

నెలనెలా కథ మారుతుంది. విక్రమార్కుడి నడక మాత్రం మారదు. చెట్టు మీది శవాన్ని దించి, భుజాన వేసుకుని, కత్తి పట్టుకుని శ్మశానంలో నడుస్తాడు. ఈ బొమ్మ కుదిరిందా, ఏళ్ల తరబడి కథ నెత్తిన ఇదే ఉంటుంది. కుదరకపోయినా అంతే.

పెన్సిల్ తీసుకోండి. శవం బరువు ఎక్కడ పడాలి? భుజం మీదే అనుకుంటే అది అతికించినట్టుంటుంది. నడుము దాకా, మోకాలి దాకా దిగాలి. బరువు కింద మనిషి ఒళ్లు ఎలా వంగుతుందో మీకు తెలుసు. మెరీనా తీరంలో నలుగురు కూలీలు బండరాయిని కదిలిస్తున్న విగ్రహం ఉంది కదా, అది చేసిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆర్ట్స్ స్కూల్లోనే చదివారు మీరు, 1941 నుంచి 1946 దాకా.

భుజం వంచండి. ముందుకాలు గట్టిగా నేలకి ఆనించండి. ఇప్పుడు నడుస్తున్నాడు.

ఇక శవం. ఎంత భయపెట్టాలి? మెతుకుసీమలో రేగోడ్ లాంటి ఊళ్లో ఏ పిల్లాడో రాత్రి కిరసనాయిలు దీపం దగ్గర ఈ పేజీ తెరుస్తాడనుకోండి. భయం లేకపోతే వాడికి కథే లేదు. మరీ భయమైతే పుస్తకం మూసేస్తాడు. తమిళంలో, హిందీలో, కన్నడంలో చదివే పిల్లలకీ ఇదే బొమ్మ వెళ్తుంది. అక్షరాలే మారతాయి.

అందుకే భయమంతా చుట్టూ పెట్టండి. పుర్రెలు, చీకటి, ఎండుకొమ్మలు. రాజు ముఖంలో మాత్రం వద్దు. పిల్లాడు పట్టుకుని నడవాల్సింది ఆ ముఖాన్నే. నన్నడిగితే ఈ బొమ్మకి ప్రాణం అక్కడే ఉంది, శవంలో కాదు.

పాళీ ముంచండి. అంచుకి తుడవండి. వెనక చీకటి మొదలుపెట్టండి, గీత పక్కన గీత. మరీ దగ్గరగా వద్దు. అచ్చులో ఇంకు అతుక్కుంటే అంతా మచ్చే. మరీ ఎడం ఉంచితే చీకటి పలచనవుతుంది. వెంట్రుకవాసి చాలు.

చెయ్యి ముఖం దగ్గరికి వచ్చింది.

ఊపిరి బిగబట్టండి. కనుబొమ్మ. ఒక్క గీత. పైకి లేస్తే బెదురు. కిందికి దిగితే కోపం. రెండూ వద్దు. పాళీ చివర ఇంకు బొట్టు. వణుకుతోంది. ఆపండి. పక్కకి తీయండి. తుడవండి. మళ్లీ.

గీయండి.

పడింది. బొట్టు జారలేదు. పెదవి గీయండి, బిగించి. చూపు ముందుకి.

ఇంకు ఆరనివ్వండి, అరచెయ్యి ఆనించకండి. ఈలోగా కథ మళ్లీ చదవండి. తర్వాతి బొమ్మలో రాజసభ ఉంది. సింహాసనం ఎటువైపు, స్తంభాలెన్ని, మంత్రి నిలబడ్డాడా కూర్చున్నాడా? కథలో లేదు. అవన్నీ మీరే తేల్చాలి. ఇంకో కాగితం తీయండి.