చెప్పినవాని పేరు

గ్రామపెద్దలారా,

దొంగను పట్టియిచ్చినవానికి ఊరంతయు అండగా నిలుచును. తాను పనిచేయు కచేరీలోనే ప్రజాధనము హరించుకుపోవుచున్నదని తెలిపినవానికి అండ యెవ్వరు? ఈ ప్రశ్నకు మన దేశమున శాసనము సమాధానము వెదకిన చరిత్రను నేడు మీకు విన్నవించెదను.

ప్రజల సొమ్ము కాజేయు రహస్యము బయటివారికి సులభముగా తెలియదు. లెక్క వ్రాయు గుమాస్తాకు, పని కొలుచు ఇంజనీరుకు తెలియును. అట్టివాడు నోరు విప్పినచో బదిలీయో, సస్పెన్షనో, ఒక్కొక్కయెడ ప్రాణభయమో తప్పదు. కావున వానికి చట్టరక్షణ కావలెనని లా కమిషను 2001 డిసెంబరులో తన 179వ నివేదికయందు సూచించి, బిల్లు ముసాయిదాను గూడ జతపరచెను. ఆ కమిషనునకు అధ్యక్షులు మన తెలుగువారైన జస్టిస్ బి. పి. జీవన్ రెడ్డిగారు. కాని ఆ ముసాయిదా వెంటనే శాసనము కాలేదు.

మరుసటి యేడు నవంబరులో సత్యేంద్ర దూబే యను ఇంజనీరు జాతీయ రహదారుల నిర్మాణమందలి అక్రమములను గూర్చి ప్రధానమంత్రి కార్యాలయమునకు లేఖ వ్రాసెను. తన పేరు గోప్యముగా నుంచవలసినదని అందు వేడుకొనెను. అయినను ఆ లేఖ పేరుతో సహా ఇతర కార్యాలయములకు పోయెను. 2003 నవంబరు 27న బీహారులోని గయలో ఆయన కాల్చి చంపబడెను. అది దారిదోపిడిలో జరిగిన హత్యయని దర్యాప్తు తేల్చగా, 2010లో ముగ్గురకు యావజ్జీవశిక్ష పడెను. హత్యకు కారణమేదైనను, దాచుమని యిచ్చిన పేరు దాగలేదనుట నిజము. దేశము కలవరపడినది అందులకే.

సుప్రీంకోర్టులో విచారణ జరుగగా, 2004 ఏప్రిల్ 21న కేంద్ర ప్రభుత్వము ఒక తీర్మానము గావించెను. కేంద్రోద్యోగుల అవినీతిని గూర్చిన ఫిర్యాదులను కేంద్ర విజిలెన్సు కమిషను స్వీకరించునట్లు ఏర్పాటయ్యెను. ఇందలి పద్ధతి గమనింపదగినది. ఆకాశరామన్న ఉత్తరములను కమిషను తీసికొనదు. వ్రాసినవాడు తన పేరును, చిరునామాను లోపలి లేఖలో తెలుపవలెను. కవరు మీద మాత్రము వ్రాయరాదు. ఆ పేరును కమిషను ఇతరులకు తెలియనీయదు. కాని రాష్ట్రోద్యోగులు ఈ తీర్మానపు పరిధిలోనికి రాలేదు.

ఆ కొరత తీర్చుటకై పార్లమెంటు చేసిన చట్టమునకు 2014 మే 9న రాష్ట్రపతి ఆమోదము లభించెను. ఫిర్యాదుదారుని పేరు వెల్లడించిన వానికి మూడేండ్ల వరకు ఖైదు, 50,000 రూపాయల వరకు జుల్మానా. తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు చేసినవానికి రెండేండ్ల వరకు ఖైదు, 30,000 వరకు జుల్మానా అని అందు విధించిరి. తీసికొన్న చర్య వేధింపు కాదని ఋజువు చేయు భారమును అధికారుల మీదనే యుంచిరి. అయినను ఆ చట్టము అమలులోనికి వచ్చు తేదీని ప్రకటింపకయే సంవత్సరములు గడచినవి. అమలు కాని చట్టము కట్ట తెగిన చెరువు వంటిది.

పెద్దలారా! ఇట్టి సంగతి నెరిగినవాడు ఢిల్లీకి వ్రాయుటకు ముందు మీ యరుగు మీదికే వచ్చును. అతనిని ఆధారములడుగుడు, కాగితములు చూడుడు, నిరపరాధిపై నింద పడకుండ జాగ్రత్త వహింపుడు. మాటలో నిజమున్నదని తోచినచో తగిన అధికారి యొద్దకు త్రోవ చూపుడు. అతని పేరు మాత్రము మీ నోట వెలువడనీయకుడు. గయలో మరణించిన యా ఇంజనీరు కోరినది అంతమాత్రమే.