రెండవ సంతకము

మొగుళ్లపల్లి మండల పరిషత్కార్యాలయమునకు ఏ పనిమీద వచ్చిన పల్లెవాని నోటనైనను తఱచుగా వినవచ్చు మాటలు రెండు గలవు: ‘బిల్లు రాలే’ యన్నది యొకటి, ‘సంతకం గాలే’ యన్నది మఱియొకటి. మొదటిది ధనమునకు సంబంధించినది, రెండవది అధికారమునకు సంబంధించినది. ఈ రెంటికిని నడుమ గల బాంధవ్యమును గుర్తెఱిగిన వానికి నలుబదియేండ్ల మన మండల చరిత్రయే గాక, అంతకు ముప్పదియేండ్ల పూర్వము ఢిల్లీ నగరమున ఎనమండుగురు పెద్దలు చేసిన సంతకముల కథయు సులభముగా బోధపడును. కావున ఈ ప్రత్యేక సంచికకు వ్యాసము వ్రాయుమని సంపాదకులు కోరినపుడు, ఏ భవనమున కెవరు శంకుస్థాపన చేసిరో, ఏ రోడ్డునకు ఎంత వ్యయమైనదో లెక్కలు పేర్చుట మాని (అవి శిలాఫలకములమీద ఎట్లును ఉన్నవి, సున్నము వేయువారు కప్పివేయని చోట్ల) సంతకములను గూర్చియే వ్రాయ నెంచితిని.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వము పటేలు పట్వారీల వ్యవస్థను రద్దుచేసి, మఱుసటి యేడు మే నెలలో తాలూకాలను చీల్చి మండలములను నెలకొల్పినది. అంతవఱకు కులధ్రువీకరణమునకైనను, పహాణీ నకలునకైనను పరకాల తాలూకా కచేరి మెట్లెక్కి, నాటి రాత్రికి ఇల్లు చేరుదుమో లేదో యని సద్దిమూట కట్టుకొని బయలుదేఱిన మొట్లపల్లి రైతునకు, కొరికిశాల కూలికి, ప్రభుత్వ మనునది నడచిపోదగిన దూరమునకు వచ్చుట సామాన్యమైన సంగతి గాదు. 1986 చట్టముతో మండల ప్రజా పరిషత్తులు రూపొందినవి. 1987 ఎన్నికలలో వాని యధ్యక్షులను ప్రజలే నేరుగా ఎన్నుకొనిరి. 1994 చట్టము వచ్చిన పిదప ఆ భాగ్యము ప్రాదేశిక సభ్యులకు సంక్రమించినది.

అయినను స్థానిక స్వపరిపాలనము మన ప్రాంతమున మండలముతో పుట్టినది కాదు. 1959లో పంచాయతి సమితులు వెలసినపుడు తెలంగాణమున ఆ విషయముమీద సలహా చెప్పు హక్కు ప్రత్యేకముగా నొక సంస్థకు ఉండెడిది. దానిపేరు తెలంగాణ ప్రాంతీయ సంఘము. నేటి విద్యార్థులలో దాని పేరు విన్నవారు అరుదు. విన్నవారిలోనైనను అది యేమి చేసెడిదో చెప్పగలవారు మఱియు నరుదు. కాని అధికారమును పంచుకొనుట యెట్లు, పంచుకొన్నట్లు కనబడుచు పంచుకొనకుండుట యెట్లు అను రెండు విద్యలను ఏకకాలమున మనకు నేర్పిన సంస్థ అదియే.

రాష్ట్రముల పునర్విభజన సంఘము 1955లో ఇచ్చిన నివేదికలో, తెలంగాణము హైదరాబాదు రాష్ట్రముగా వేఱుగనే యుండవలెననియు, 1961 ప్రాంతపు ఎన్నికల యనంతరము అచటి శాసనసభలో మూడింట రెండు పాళ్లవారు సమ్మతించిననే ఆంధ్రతో కలుపవలెననియు సూచించినది. ఆ మూడింట రెండు పాళ్ల నిబంధన యొక తాళము వంటిది. దానిని ఊడదీసి, దానికి మాఱుగా 1956 ఫిబ్రవరి 20న ఒక కాగితము వ్రాసికొనిరి. బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు ఒక వైపున, బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మఱ్ఱి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు మఱియొక వైపున సంతకములు చేసిన ఆ పత్రమునకు ‘పెద్దమనుషుల ఒప్పందము’ అని పేరు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెను. మంత్రులు అఱువదికి నలుబది చొప్పున నుండవలెను. తెలంగాణపు మిగులు ధనము తెలంగాణపు అభివృద్ధికే వ్యయము కావలెను. ఇరువదిమంది సభ్యులతో ప్రాంతీయ పరిషత్తు ఏర్పడవలెను.

మన పల్లెలలో నిజముగా పెద్దమనుషులు కూర్చుండి దాయాదులకు పాలు పంచునపుడు మాట తప్పువాని కెవడు బాధ్యుడో ముందే నిర్ణయింతురు. జామీను లేని పంచాయతిని పంచాయతి యనరు. ఢిల్లీలో జరిగిన దానికి జామీను ఎవరో ఆ కాగితమున ఎచ్చటను లేదు. అందుచేతనే అది అమలునకు వచ్చులోపల తొలుత పేరే మాఱినది: ‘పరిషత్తు’ పోయి ‘స్థాయీసంఘము’ వచ్చినది. 1956 నవంబరు 1న సంజీవరెడ్డి ముఖ్యమంత్రియై, ఉపముఖ్యమంత్రిని నియమింపక, అది చేతికి ఆఱవ వ్రేలు వంటిదని పలికినట్లు లోకమున ప్రతీతి. ఆ మాట ఎవరు పలికిననేమి, మన తాతలకు తగిలిన గాయము మాత్రము నిజమైనది. నాడు యువకులైనవారు ఎనుబదేండ్లు దాటిన పిమ్మటను, సమైక్యమన నేమని యడిగిన మనుమనికి సమాధానముగా కుడిచేయి చాచి వ్రేళ్లు లెక్కపెట్టి చూపుట నేను కన్నులార చూచితిని.

రాజ్యాంగపు 371వ అధికరణమును ఆధారముగా జేసికొని రాష్ట్రపతి 1958 ఫిబ్రవరిలో వెలువరించిన ఉత్తర్వుతో ప్రాంతీయ సంఘము ప్రాణము పోసికొన్నది. తెలంగాణ శాసనసభ్యులందఱును అందు సభ్యులు. స్థానిక పాలనము, ప్రజారోగ్యము, ప్రాథమిక మాధ్యమిక విద్య, మద్యనిషేధము, వ్యవసాయ భూముల విక్రయము, కుటీర పరిశ్రమలు, వ్యవసాయము, సహకార సంఘములు, సంతలు తిరునాళ్లు దాని విషయములు. అనగా పల్లెటూరివాని దినచర్యలో తెల్లవాఱినది మొదలు ప్రొద్దు గ్రుంకువఱకు తగులు విషయములన్నియు నన్నమాట. మంత్రిమండలి దాని సలహాను సాధారణముగా స్వీకరింపవలెను. అభిప్రాయభేదము వచ్చినచో గవర్నరు తీర్పే తుది తీర్పు. చదువుటకు చక్కని యేర్పాటు. కాని ధనము ఆర్థికశాఖ చేతిలోను, ఉద్యోగములు నియామకాధికారుల చేతిలోను ఉండగా, సంఘమునకు మిగిలినది నోరు మాత్రమే. సంతలను గూర్చి సలహా చెప్పవచ్చును గాని, సంతకు పోవు బాటకు గావలసిన మిగులు ధనము ఏ పద్దుక్రింద ఎచ్చటికి పోవుచున్నదో ఆపజాలదు. బడిని గూర్చి చర్చింపవచ్చును గాని, ఆ బడిలో స్థానికులకే ఉద్యోగము లను ముల్కీ నిబంధనలను తప్పించుకొని వచ్చిన ఉపాధ్యాయుని కదలింపజాలదు. ఉపాధ్యాయుల నియామకములలో అన్యాయము జరుగుచున్నదని 1952లోనే హనుమకొండ విద్యార్థులు వీధులకెక్కిరి. ఆ గొడవ హైదరాబాదు సిటీ కాలేజి దగ్గఱ తుపాకి కాల్పులవఱకు పోయినది. పదునేడేండ్ల పిమ్మట 1969లో అదే మంట పాల్వంచ, ఖమ్మముల నుండి రాజుకొన్నపుడు ప్రాంతీయ సంఘము దానిని ఆర్పుటకు గాని, దానికి నాయకత్వము వహించుటకు గాని చాలకపోయెను.

1971లో ప్రత్యేక తెలంగాణమును కోరిన తెలంగాణ ప్రజా సమితి పదునాలుగు లోకసభ స్థానములలో పదింటిని గెలిచినది, వరంగల్లున ఎస్.బి. గిరి గెలిచినది ఆ యేడే. అంతటి తీర్పునకు ఫలముగా లభించినది, వరంగల్లు జిల్లాలోని లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిత్వము, అదియు ఏడాది పైన కొన్ని నెలలకు మించలేదు. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని చెప్పగానే కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమము ప్రజ్వరిల్లినది. ఇచట ఒక మాట చెప్పకున్న న్యాయము కాదు: సమైక్యరాజకీయముమీద విసుగు తెలంగాణపు సొత్తు మాత్రమే కాదు, నాడు వేఱుపడుదు మని బిగ్గఱగా నఱచినది ఆవలి ప్రాంతమే. ఇరుగడలను విసిగించిన యేర్పాటును నిలుపుటకై 1973 సెప్టెంబరు 21న ఆఱు సూత్రముల పథకమును ప్రకటించి, జబ్బుపడిన అవయవమునకు చికిత్స చేయుటకు మాఱుగా దానిని కోసివేసిరి. ముల్కీ నిబంధనలు పోయినవి. ప్రాంతీయ సంఘమును పోయినది. దాని చావునకు ఒక్క పల్లెలో నైనను పెడబొబ్బలు పెట్టినవారు లేకుండుటయే దానిమీద ప్రజలు చెప్పిన తీర్పు.

అటుపై ఉద్యోగములను జోనులవారీగా స్థానికులకు కేటాయించు 1975 రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చినది, మనము అయిదవ జోనువార మైతిమి. మండలములు పుట్టిన 1985వ సంవత్సరమే డిసెంబరు 30న, స్థానికేతర ఉద్యోగులను వెనుకకు పంపవలెనను 610వ నంబరు జి.ఓ. పుట్టినది. మండలము పెరిగి పెద్దదైనది, జి.ఓ. కాగితముగానే యుండినది.

అందువలన 2011 జనవరిలో శ్రీకృష్ణ సంఘపు నివేదిక వెల్లడియై, ఆఱు మార్గములలో ఉత్తమమైనది రాష్ట్రమును సమైక్యముగా నుంచి తెలంగాణమునకు చట్టబద్ధమైన అధికారములు గల ప్రాంతీయ మండలి నొసగుట యని చెప్పినపుడు, మా యూరి రచ్చకట్టమీద కోపముకంటె నవ్వే ముందు వచ్చినది. ‘సచ్చిన బర్రెకు పాలు పిండుమంటున్నరు’ అని ఒక యాదవ వృద్ధుడు పలికిన మాటను మించిన సమీక్షను నేను ఏ పత్రికయందును చదువలేదు. విచారించి చూడగా ఆ సూచన నిష్కారణమైనది కాదు. 1958 నాటి సంఘమునకు లేని నిధులును, అధికారములును ఈ మండలికి కల్పింపవచ్చునని ఆ పండితుల యాశయము. కాని మాట నిలువనిచోట చట్టము నిలుచునని నమ్ముటకు జనులలో ఓపిక అప్పటికే అడుగంటినది. అదే యేడు సెప్టెంబరు 13న మొదలై నలుబదిరెండు దినములు సాగిన సకల జనుల సమ్మెలో భూపాలపల్లి సింగరేణి కార్మికులు బొగ్గుబావులనుండి వెలికి వచ్చిరి; ఉపాధ్యాయులు బడులనుండి, డ్రైవర్లు డిపోలనుండి వచ్చిరి; రోడ్లమీద వంటా వార్పు, బతుకమ్మ. 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ మూజువాణి వోటుతో విభజన బిల్లును త్రోసిపుచ్చినను, పార్లమెంటు దానిని ఫిబ్రవరిలో ఆమోదించినది. జూన్ 2న రాష్ట్ర మేర్పడినది. మన జిల్లా పుట్టిన 2016లో దానికి ఆ యుద్యమమునకు జీవితమంతయు ధారవోసిన అక్కంపేట వాస్తవ్యుడు జయశంకరుని పేరు పెట్టుకొంటిమి.

కథ ఇచట ముగిసినచో చక్కని వ్యాసమగును గాని నిజము కాజాలదు. భూగోళపు మఱియొక యంచున, ఉత్తర ఐర్లాండను చిన్న దేశభాగమున, మన చిక్కునకు సరిగా తలక్రిందులైన చిక్కొకటి నడచుచున్నది. అచట బ్రిటనుతో సమైక్యముగా నుండవలెనను వారును, ఐర్లాండుతో కలియవలెనను వారును దశాబ్దములు రక్తము చిందించి, 1998 ఏప్రిల్ 10న ఒప్పందము చేసికొనిరి. అందు ఉపముఖ్యమంత్రి ఆఱవ వ్రేలు గాదు. ప్రథమ మంత్రికి, ఉపప్రథమ మంత్రికి అధికారములు సమానములు. ఒకరు తప్పుకొన్నచో రెండవవారి పదవియు ఊడును. అనగా మనకు లేని తాళము వారికి గలదు. దాని ఫలము? 2017 నుండి మూడేండ్లు బెల్‌ఫాస్టు చెంత నున్న స్టార్మాంటు శాసనసభ మూతబడెను. 2022 ఫిబ్రవరిలో సముద్రపు వర్తకముమీది సుంకపు తనిఖీలకు కినిసి సమైక్యవాదుల పెద్దపక్షము వారు వైదొలగగా మఱల రెండేండ్లు ప్రభుత్వ మాగిపోయెను. ఆసుపత్రిలో వరుసలు పెరిగినవి, జీతములు పెరుగలేదు. 2024 జనవరి 18న అచటి ఉపాధ్యాయులు, నర్సులు, బస్సు నడుపువారు ఒక్కుమ్మడి సమ్మెకు దిగినపుడు, పత్రికలలో ఆ చిత్రములను చూచిన నాకు మన 2011 జ్ఞప్తికి వచ్చినది. మనవారు ప్రభుత్వమునుండి విడివడుటకు సమ్మె చేసిరి, వారు ప్రభుత్వము కావలెనని చేసిరి. ఫిబ్రవరి 3న స్టార్మాంటు తలుపులు తెఱచికొన్నవి.

విధివిలాస మేమనగా, ఆ వారముననే మన తెలంగాణమున గ్రామపంచాయతుల గడువు తీఱి తలుపులు మూసికొన్నవి. సర్పంచులు దిగిపోయిరి, ప్రత్యేకాధికారులు వచ్చిరి. ఇది తొలిసారి గాదు: 2011 నుండి 2013 వఱకు, 2018 నుండి 2019 వఱకు ఇట్లే జరిగినది. కాని ఈ పర్యాయము 2025 డిసెంబరులో ఎన్నికలు జరుగువఱకు రెండేండ్లకు దగ్గఱగా సాగినది. ఎన్నికైన పాలకవర్గము లేనిచోట కేంద్ర ఆర్థిక సంఘపు నిధులు రావు. ట్రాక్టరుకు డీజిలు లేక చెత్త వాడలలోనే నిలిచినది. అంతకుముందు వైకుంఠధామములు కట్టించి అప్పుల పాలైన మాజీ సర్పంచులు బిల్లులకై తిరిగిరి. హైదరాబాదునకు అధికారము ఢిల్లీనుండి రావలెనని పోరాడినవారమే మనము. హైదరాబాదునుండి ఇస్సిపేటకు, పిడిసిల్లకు రావలసినదానిని గూర్చి ఒక్క రాస్తారోకో యైనను చేయకపోతిమి. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో ఇరువదితొమ్మిది విషయములు పంచాయతుల కని వ్రాసియున్నవి. ఆ పట్టికను ప్రాంతీయ సంఘపు పాత పట్టిక ప్రక్కన పెట్టి చదివితిని. రెండును ఒకే చేవ్రాలువలె దోచినవి.

ఒక్క భేదము మాత్రము గలదు. 2018 పంచాయతిరాజ్ చట్టము చెక్కుమీద సర్పంచి సంతకముతో బాటు ఉపసర్పంచి సంతకమును కావలెనన్నది. పూర్వము రెండవ సంతకము పంచాయతి కార్యదర్శిది. ఈ మార్పుమీద సర్పంచులకు మిక్కిలి కినుక. తమను ప్రజలు నేరుగా ఎన్నుకొన్నారనియు, వార్డు సభ్యులు మాత్రమే ఎన్నుకొన్న ఉపసర్పంచి తమ చేయి పట్టుకొనుట యేమనియు వారి వాదము. అందు సబబు లేకపోలేదు; సంతకమునకు పాలడిగెడి ఉపసర్పంచులను గూర్చి విననివాడు ఈ మండలమున లేడు. అయినను నా మట్టునకు నేను, ఆఱవ వ్రేలి కథ విన్నవాడను గనుక, ఆ రెండవ సంతకమును కొట్టివేయు పక్షమున లేను.

మొన్న నొక గ్రామమున (పేరు చెప్పను) మంచినీటి మోటారు కాలిపోయినది. సర్పంచి ఒక వర్గము, ఉపసర్పంచి వేఱొక వర్గము. మోటారు చుట్టించుటకు చెక్కు వ్రాయగా, తమ వాడలో మోరీ పనిని తీర్మానములో చేర్చినదాక సంతకము పెట్టనని ఉపసర్పంచి భీష్మించెను. రెండు దినములు ఆడవారు బిందెలతో వ్యవసాయ బావులకు నడచిరి. మూడవ నాటి యుదయమున వారు ఆ బిందెలను తెచ్చి, సగము సర్పంచి వాకిటను, సగము ఉపసర్పంచి వాకిటను వరుసగా పెట్టి, ఒక్క మాటయైనను అనక ఇండ్లకు పోయిరి. మధ్యాహ్నమునకు తీర్మానపు పుస్తకమున మోరీ యెక్కినది. సర్పంచి బండి నడుపుచుండగా, ఉపసర్పంచి వెనుక గూర్చుండి, చెక్కుబుక్కు గల సంచిని ఇద్దఱి నడుమ నొత్తిపట్టుకొని, ఎండలో బ్యాంకు వైపునకు పోవుచుండగా నేను దారిలో చూచితిని. నమస్కరించితిని, ఉపసర్పంచి చేతులు ఖాళీ లేక తల యూపినాడు.