మిద్దె మీద నల్ల ట్యాంకు: రోజంతా రాని నీళ్లు మన ఇళ్ల ప్లంబింగ్‌ను ఎలా మార్చాయి?

హైదరాబాద్, విజయవాడ, నాగ్‌పుర్, కాఠ్‌మాండూ... ఏ ఊళ్లోనైనా కాస్త ఎత్తున నిలబడి చూస్తే ఇళ్ల మీద కనిపించేది ఒకటే, ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు. దాని కింద, గేటు పక్కన నేలలో సంపు. ఆ రెంటి మధ్య మోటారు. వంటగదిలో ఆర్‌ఓ యంత్రం. కాస్త ఉన్నవాళ్ల ఇళ్లలో షవర్ కోసం ఇంకో ప్రెషర్ పంపు. మున్సిపాలిటీ పైపు గేటు దాటాక ఇన్ని వస్తువులు ఎందుకు అవసరమవుతున్నాయి?

నీటిని నిల్వ చేయడం, ఒత్తిడితో పంపడం, శుద్ధి చేయడం నీటి సరఫరా సంస్థ పనులు. ఈ మూడింటినీ దక్షిణాసియాలోని మధ్యతరగతి ఇల్లు సొంత ఖర్చుతో రెండోసారి చేసుకుంటోంది. దీనికి మూలం నల్లా రోజంతా రాకపోవడం. మన బాత్రూముల్లో, మిద్దెల మీద ఉన్న చాలా వస్తువుల చరిత్ర అక్కడికే చేరుతుంది.

ముందు కాలువ, తర్వాత కుళాయి

ఉపఖండంలో ఇంటి ప్లంబింగ్ కథ సింధు లోయలో మొదలవుతుంది. సుమారు 4,500 ఏళ్ల కిందటి మొహెంజో-దారోలో దాదాపు 700 బావులు ఉండేవని జర్మన్ పరిశోధకుడు మైకేల్ యాన్సెన్ అంచనా వేశారు. చాలా ఇళ్లలో కాల్చిన ఇటుకలతో, ఒక మూలకు వాలుగా కట్టిన స్నానపు అరుగులు బయటపడ్డాయి. ఆ మూల నుంచి నీళ్లు గోడలోని తూము గుండా వీధి కాలువలోకి పోయేవి. కాలువల మీద ఇటుకలతోనో రాతి పలకలతోనో మూతలు ఉండేవి. పూడిక తీయాల్సి వచ్చినప్పుడు వాటిని ఎత్తవచ్చు. వీధి కాలువ లేని చోట గోడ బయట పెద్ద కుండ పాతిపెట్టేవారు.

అయితే ఆ ఇళ్లలోకి నీళ్లు గొట్టంలో రాలేదు. కుండలో వచ్చి, కాలువలో పోయాయి. అంటే వాడిన నీళ్లు బయటికి పోయే దారి ముందు తయారైంది. ఆధునిక భారతం దీన్ని తిరగేసింది. ఇక్కడ ముందు కుళాయి వచ్చింది. మురుగు సంగతి తర్వాత చూద్దామనుకున్నారు.

మధ్యయుగాల్లో గొట్టాలు వచ్చాయి కానీ అవి ప్రధానంగా కోటలకు, తోటలకు, ఊరుమ్మడి తొట్లకు. గోల్కొండ కోట గోడల్లో మట్టి గొట్టాల ఆనవాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఔరంగాబాద్‌కు మాలిక్ అంబర్ 1617 ప్రాంతంలో భూగర్భ కాలువతో నీళ్లు తెప్పించాడు. మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పుర్‌లో దాదాపు అదే కాలంలో మొగలులు తవ్వించిన కుండీ భండారా కూడా ఇలాంటిదే. కాఠ్‌మాండూ లోయలోని రాతి ధారలు ఇంకా పాతవి. పాటన్‌లోని మంగ హితిని క్రీ.శ. 570 నాటిదిగా చెబుతారు. మోటారు లేదు, ట్యాంకు లేదు. అన్నీ నేల వాలుతోనే పనిచేశాయి.

విహార్ నుంచి వీధి కుళాయికి

ఇళ్లకు పైపు నీరు అనే ఆలోచన బ్రిటిష్ పాలనలో ముందుగా బొంబాయిలో అమలైంది. 1850ల మధ్యలో వచ్చిన నీటి కరువు తర్వాత ఇంజినీరు హెన్రీ కోనీబేర్ రూపొందించిన విహార్ జలాశయం 1860లో పూర్తయింది. తర్వాత 1879లో తులసి, 1892లో తాన్సా తోడయ్యాయి. కలకత్తాకు 1860ల చివర్లో పల్తా నుంచి హుగ్లీ నీటిని శుద్ధి చేసి పంపడం మొదలుపెట్టారు. మద్రాసుకు 1872లో రెడ్‌హిల్స్ చెరువు నీళ్లు వచ్చాయి. హైదరాబాద్ వంతు ఆలస్యంగా వచ్చింది. 1908 మూసీ వరదల తర్వాత వరద నియంత్రణ కోసం కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలే నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి.

మొదట్లో ఈ నీటిని అందరూ ఇష్టంగా తాగలేదు. అన్ని కులాలవారికీ ఒకే గొట్టంలో నీళ్లు రావడం, కుళాయి లోపలి వాషరు తోలుది కావడం ఛాందసులకు అభ్యంతరమయ్యాయి. బావి గట్టు మీద ఎవరు ఎక్కవచ్చో నిర్ణయించినవారికి గొట్టం లోపల ఎవరి నీళ్లు ఎవరివో తేల్చడం సాధ్యం కాలేదు. అంతమాత్రాన వీధి కుళాయి దగ్గర వివక్ష పోయిందని కాదు. అక్కడ అది బిందెల వరుసలోకి మారింది.

మాట విషయానికొస్తే, తెలంగాణలో నల్లా, ఆంధ్రలో కుళాయి అంటారు. రెండూ గొట్టం నుంచి పుట్టినవే. హిందీ, ఉర్దూల్లో ‘నల్’ అంటే గొట్టం. తమిళంలో గొట్టాన్నీ, కుళాయినీ ఒకే మాటతో ‘కుళాయ్’ అంటారు. కోస్తాలో పంపు అన్నా చెల్లుతుంది.

లండన్ వదిలేసిన పద్ధతి

రోజుకు కొన్ని గంటలే నీళ్లివ్వడం వలస దేశాల కోసం కనిపెట్టిన పద్ధతి కాదు. 19వ శతాబ్దపు లండన్‌లో ప్రైవేటు కంపెనీలు అలాగే ఇచ్చేవి. అందుకే అక్కడి ఇళ్లలో నీళ్లు పట్టి ఉంచుకోవడానికి తొట్లు ఉండేవి. పేదల వాడల్లో ఒక్క తొట్టినే చాలా కుటుంబాలు పంచుకునేవి. కలరా భయం, పత్రికల ఒత్తిడి, 1871 నాటి చట్టం కలిసి కంపెనీలను నిరంతర సరఫరా వైపు నెట్టాయి. ఆ శతాబ్దం ముగిసేనాటికి నగరంలో చాలా భాగానికి 24 గంటలూ నీళ్లు అందాయి. బ్రిటన్ పాత ఇళ్ల అటకల మీద కనిపించే నీళ్ల ట్యాంకు ఆ రోజుల గుర్తే.

మన నగరాలు ఆ మలుపు తిరగలేదు. కొద్ది లక్షల మంది కోసం వేసిన పైపుల మీద ఊరు పెరుగుతూ పోయింది. ఉన్న నీటిని వాడల వారీగా, గంటల లెక్కన పంచడం ఇంజినీర్లకు సులువైన దారి అయింది. పాత పైపులు మార్చి, లీకులు పట్టుకోవడం కంటే వాల్వు తిప్పడం చవక. ముంబయిలో రోజూ ఈ వాల్వులు తిప్పే సిబ్బందిని ‘చావీవాలా’లు అంటారు. ఏ వీధికి ఎప్పుడు నీళ్లు రావాలో ఆ తాళంచెవి చెబుతుంది.

నీళ్లు లేకనే ఈ పరిస్థితి అనే వాదన పూర్తిగా నిలవదు. కంబోడియా రాజధాని నోమ్‌పెన్‌లో 1993లో సరఫరా చేసిన నీటిలో 72 శాతం లీకుల్లోనో దొంగ కనెక్షన్లలోనో పోయేది. నీళ్లు వచ్చేది రోజుకు దాదాపు పది గంటలే. పైపులు మార్చి, మీటర్లు పెట్టి, బిల్లులు కచ్చితంగా వసూలు చేశాక 2008 నాటికి ఆ నష్టం ఆరు శాతానికి దిగింది, సరఫరా 24 గంటలకు పెరిగింది.

ట్యాంకు మిద్దె ఎక్కింది

కొన్ని గంటలే వచ్చే నీటిని పట్టి పెట్టుకోవడం మన ఇళ్లకు కొత్తేమీ కాదు. గోలెం, గాబు, తొట్టి, కాగు అన్నీ అందుకే. మిద్దెల మీద ఇటుకతోనో కాంక్రీటుతోనో ట్యాంకు కట్టుకునేవారు, లేదా ఇనుప రేకు ట్యాంకు పెట్టుకునేవారు. కాంక్రీటు బరువు, పగుళ్లిస్తుంది. ఇనుము తుప్పు పడుతుంది.

దీన్ని మార్చింది ఒక బట్టల మిల్లు. అహ్మదాబాద్ దగ్గరి కలోల్‌లో ఉన్న భారత్ విజయ్ మిల్స్ 1970ల మధ్యలో ప్లాస్టిక్ విభాగం ప్రారంభించి, సింటెక్స్ పేరుతో పాలిథిలీన్ ట్యాంకులు తెచ్చింది. సింటరింగ్, టెక్స్‌టైల్ అనే రెండు మాటలు కలిపి పెట్టిన పేరది. ప్లాస్టిక్ పొడిని వేడి అచ్చులో పోసి, అచ్చును గిరగిరా తిప్పితే అతుకు లేని ట్యాంకు తయారవుతుంది. ఇద్దరు మనుషులు మెట్ల మీదుగా మోసుకెళ్లగలరు. నల్ల రంగు అందం కోసం పెట్టింది కాదు. అందులో కలిపే కార్బన్ ఎండను లోపలికి రానివ్వదు కాబట్టి నాచు పట్టదు, ప్లాస్టిక్ కూడా తొందరగా పెళుసెక్కదు. అయితే ఏప్రిల్ మధ్యాహ్నం కుళాయి తిప్పితే గీజర్ అక్కర్లేని నీళ్లొస్తాయి.

ట్యాంకుతో ఇంకో చిక్కు ఒత్తిడి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. ఒక్క అంతస్తు ఇంట్లో ట్యాంకు కుళాయికి మూడు మీటర్ల పైన ఉంటే దక్కేది 0.3 బార్. ఒక బార్‌కు పైబడిన ఒత్తిడి కోసం తయారైన షవర్‌ను అలాంటి ఇంట్లో బిగిస్తే బొట్టు బొట్టుగా రాలుతుంది. షోరూంలో ధారాళంగా పడిన షవర్ ఇంటికొచ్చాక నీరసపడిందంటే, చాలాసార్లు తప్పు దానిది కాదు.

ఇదే కాలంలో పైపులూ మారాయి. వలస పాలన నాటి నుంచి ఇళ్లలో ఉన్నవి జింకు పూత వేసిన ఇనుప పైపులు. లోపల తుప్పు పేరుకుని ఏటికేడాది సన్నబడేవి. వాటిని కలపాలంటే మర కోసి, జనపనార చుట్టి బిగించాలి. ఇప్పుడు పీవీసీ, వేడినీళ్లకు సీపీవీసీ. జిగురు రాసి తోస్తే నిమిషాల్లో అతుకు పడుతుంది. పీవీసీ తయారీలో వాడే సీసం నీటిలోకి దిగే ప్రమాదం ఉందన్న ఆందోళనతో, దాన్ని తొలగించేలా కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది.

ఈ పైపులు బిగించే చేతుల్లో చాలా భాగం ఒక్క జిల్లావి. దిల్లీ నుంచి బెంగళూరు దాకా, గల్ఫ్ దేశాల్లోనూ, ఒడిశాలోని కేంద్రాపడా ప్లంబర్లు కనిపిస్తారు. కోల్‌కతా ప్లంబింగ్ కంపెనీల్లో పని నేర్చుకున్న తొలితరం బంధువులను, ఊరివాళ్లను వెంట తీసుకెళ్లింది. ఆ జిల్లాలోని పట్టాముండాయిలో ఇప్పుడు ప్రభుత్వ ప్లంబింగ్ శిక్షణ సంస్థ కూడా ఉంది.

ఖాళీ పైపు ఏం పీల్చుకుంటుంది?

నిండుగా, ఒత్తిడితో ఉన్న పైపుకు చిల్లి పడితే నీళ్లు బయటికి కారతాయి. ఖాళీ పైపుకు చిల్లి ఉంటే బయటి తడి లోపలికి వస్తుంది. పక్కనే మురుగు పైపు కారుతుంటే ఆ మురుగే వస్తుంది. నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాలు రంగు మారి రావడానికి ఇదో కారణం. నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే పరిస్థితి మరీ దిగజారుతుంది. పక్కింటి వాటాతోపాటు మట్టిలోని మురికినీ మోటారు లాగుతుంది. ఇది చట్టవిరుద్ధమే అయినా చాలా వీధుల్లో మామూలు సంగతి.

కర్ణాటకలోని హుబ్లీ-ధార్వాడ్‌లో 2008లో కొన్ని వార్డులకు మాత్రం 24 గంటల సరఫరా మొదలైంది. ఒకే ఊళ్లో రెండు రకాల నల్లాలు ఉండటంతో పరిశోధకులు పోల్చి చూశారు. గంటల లెక్కన వచ్చే నల్లాల్లో మలసంబంధ బ్యాక్టీరియా చాలా ఎక్కువసార్లు కనిపించింది. అయితే 2015లో వెలువడిన ఆరోగ్య అధ్యయనంలో పిల్లల విరేచనాలు మొత్తం మీద చెప్పుకోదగినంత తగ్గలేదు. పేద కుటుంబాల్లో రక్త విరేచనాలు మాత్రం తగ్గాయి. నల్లా ఒక్కటే అన్నిటికీ మందు కాదన్నమాట. 2021లో ఒడిశాలోని పూరీ, నేరుగా కుళాయి నీళ్లే తాగవచ్చని, 24 గంటలూ అందుతాయని ప్రకటించిన తొలి భారతీయ నగరమైంది.

ఈ భారం అందరి మీదా ఒకేలా పడదు. సంపు తవ్వడానికి జాగా, మోటారుకు కరెంటు, ఆర్‌ఓకు డబ్బు ఉన్నవాళ్లకు రెండు రోజులకోసారి వచ్చే నీళ్లు కూడా నిరంతర సరఫరాలాగే ఉంటాయి. అందుకే నగరాల్లో నీటి కోసం గట్టిగా నిలదీయగలిగే వర్గం నిలదీయడం మానేసింది. ఒక్క గదిలో ఉండే కుటుంబంలో మాత్రం నీళ్లొచ్చే వేళకు ఒకరు ఇంటి దగ్గర ఉండాల్సిందే. సాధారణంగా ఆ ఒకరు మహిళే.

పోయే నీటి లెక్క

మరుగుదొడ్డి కింద వంపు తిరిగిన గొట్టంలో నిలిచే కొద్దిపాటి నీరు దుర్వాసనను ఆపుతుంది. 1775లో అలెగ్జాండర్ కమింగ్ లండన్‌లో పేటెంట్ పొందిన ఈ వంపు వల్లే మరుగుదొడ్డి ఇంటి లోపలికి రాగలిగింది. కానీ ఫ్లష్ చేయాలంటే నీళ్లు కావాలి, పోవడానికి మురుగు పైపు కావాలి. రెండూ లేని ఊళ్ల కోసం బిందేశ్వర్ పాఠక్ 1970లో స్థాపించిన సులభ్ సంస్థ రెండు గుంతల మరుగుదొడ్డిని ప్రచారంలోకి తెచ్చింది. రెండు లీటర్లలోపు నీళ్లు చాలు. ఒక గుంత నిండాక రెండోది వాడుతుంటే, మొదటిదానిలోనిది ఎరువుగా మారుతుంది.

2011 జనగణన ప్రకారం పట్టణ ఇళ్లలో 32.7 శాతానికే పైపుల మురుగు వ్యవస్థ ఉంది. 38.2 శాతం సెప్టిక్ ట్యాంకుల మీద ఆధారపడ్డాయి. ఆ ట్యాంకు నిండినప్పుడు ఎవరో ఒకరు ఖాళీ చేయాలి. మనుషులతో పాకీపనిని నిషేధిస్తూ 1993లో, మళ్లీ 2013లో చట్టాలు వచ్చాయి. తెలుగు కుటుంబంలో పుట్టి, కోలార్ బంగారు గనుల దగ్గర పెరిగిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారి ఆందోళన్ ద్వారా దీనిపై దశాబ్దాలుగా పోరాడుతున్నారు. మురుగులో దిగి మరణించినవారి కుటుంబాలకు ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షల రూపాయలుగా నిర్ణయించింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. అంటే చట్టం వచ్చిన పదేళ్ల తర్వాతా కోర్టు ఈ లెక్క సవరించాల్సి వచ్చింది.

ఇప్పుడు అదే క్రమం పల్లెల్లో మొదలైంది. తెలంగాణ 2016లో మిషన్ భగీరథ నీటి సరఫరా ప్రారంభించింది. ఫ్లోరైడ్‌తో నలిగిన నల్గొండ పల్లెలకు నది నీళ్లు చేరడం దానివల్ల కలిగిన పెద్ద మేలు. 2019 ఆగస్టులో కేంద్రం జల్ జీవన్ మిషన్ ప్రకటించేనాటికి దేశంలో 3.23 కోట్ల గ్రామీణ ఇళ్లకే నల్లా ఉంది. 2025 నాటికి ఆ సంఖ్య 15 కోట్లు దాటిందని ప్రభుత్వ లెక్క. మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది పథకం ప్రమాణం. అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు. తాగడానికి, వంటకు పోయేది అందులో కొంతే. మిగిలింది స్నానం, గిన్నెలు, బట్టలు దాటి గడప బయటికి వస్తుంది. ఇంకుడుగుంత ఉన్న ఇంట్లో అందులోకి, లేని ఇంట్లో వీధిలోకి.